కత్తెర పట్టిన చేయి

చలనచిత్రము చూచి ఇల్లు చేరిన బాలురను "చిత్ర మెట్లున్నది?" అని యడిగినచో వారు నటుల పేర్లు చెప్పుదురు, పాటలు పాడి వినిపింతురు, పోరాటములను అభినయించి చూపుదురు. ఆ చిత్రమును కూర్చినవాడెవడని యడిగినచో చెప్పగలవారు అరుదు. తెరపై ఆ పేరు కానవచ్చు సమయమున ప్రేక్షకులు తమ కుర్చీలను వెదకికొనుచుందురు. గోపురమును చూచి చేతులు జోడించువారు అనేకులు. దాని పునాదిరాతిని తలచువారు ఎవరు?

అట్టి పునాది పనితో జీవితము నారంభించి, పేరుగల దర్శకుడై, పిదప లోకముచే మరువబడి, 77 ఏండ్ల ప్రాయమున మరల సినిమా రంగమున నిలిచిన ఒక ఆంగ్లేయుని చరిత్రము తెలిసికొనదగినది. ఆయన పేరు చార్లెస్ క్రైటన్. ఆయన జీవితమున విజయము కలదు, మరపు కలదు, మరల విజయము కలదు. ఈ మూడు దశలయందును మారక నిలిచినది ఒక్కటే. అది పనియందలి శ్రద్ధ.

క్రైటన్ 1910వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఇంగ్లండునందలి వాలసీ పట్టణమున జన్మించెను. మెర్సీ నది సముద్రమున కలియుచోట, లివర్‌పూల్ రేవునకు ఎదుటి యొడ్డున ఆ పట్టణము కలదు. ఆయన ఔండిల్ పాఠశాలలోను, పిమ్మట ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి న్యూ కాలేజీలోను చదివెను. ఆక్స్‌ఫర్డులో చదివిన యువకునకు ఆ దినములలో ప్రభుత్వోద్యోగమో, న్యాయవాదవృత్తియో తగినదని పెద్దలు తలచెడివారు. క్రైటన్ మాత్రము చలనచిత్రముల త్రోవ పట్టెను. హంగరీ దేశమునుండి వచ్చి లండనులో స్థిరపడిన అలెగ్జాండరు కోర్డా అను నిర్మాత 1932లో 'లండన్ ఫిలిమ్స్' అను సంస్థను స్థాపించియుండెను. ఆ సంస్థ కూర్పు గదిలో సహాయకుడుగా క్రైటన్ చేరెను. 1933లో వెలువడి దేశదేశముల కీర్తిగాంచిన 'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' అను చిత్రమునకు పనిచేసిన సహాయకులలో ఆయన యొకడు. పట్టభద్రుడు చిన్న పని చేయుట యేమని ఆయన తలపలేదు.

కూర్పు అనగా నేమి? ఎడిటింగు అని వ్యవహరింపబడు ఈ పనిని గూర్చి కొంత తెలిసికొన్నగాని క్రైటన్ గొప్పతనము బోధపడదు. ఆ కాలమున చలనచిత్రములను పొడవైన ఫిల్ముపై తీసెడివారు. తెరపై సెకనుకు 24 బొమ్మలు ఒకదాని వెంట నొకటి కదలును. ఒక అడుగు ఫిల్ముపై 16 బొమ్మలుండును. కనుక నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము కావలెను. గంటన్నర నడచు చిత్రమునకు 8,100 అడుగులు కావలెను. చిత్రించునప్పుడు మాత్రము ఒకే ఘట్టమును పలుమారులు, పలు తావులనుండి తీయుదురు. కావున కూర్పరి బల్లపైకి వచ్చు ఫిల్ము తుదకు తెర కెక్కు దానికంటె ఎన్నియో రెట్లు అధికము. అందు ఏది ఉంచవలెను, ఏది తీసివేయవలెను, దేని పిమ్మట దేనిని అతుకవలెను అని నిర్ణయించువాడే కూర్పరి. బట్ట యెంత విలువగలదైనను దర్జీ కత్తెర సరిగా నడువనిచో అంగీ యొంటికి అమరదు గదా!

ఒక చిన్న యుదాహరణము చూడుడు. ఒక బాలుడు తలయెత్తి చెట్టువంక చూచుచున్న ముక్క యొకటి కలదు. దాని పిమ్మట కొమ్మపై పాము కానవచ్చు ముక్కను అతికినచో, బాలుడు భయపడుచున్నాడని చూచువారు తలంతురు. పామునకు బదులు పండిన మామిడికాయ నతికినచో, అదే ముఖమున వారికి ఆశ గోచరించును. బాలుని ముఖము మారలేదు. మారినది కూర్పు మాత్రమే. హాస్యచిత్రములలో నిది మరింత సున్నితమైన పని. నవ్వు రావలసిన ఘట్టము అర సెకను ముందుగా ముగిసినను, అర సెకను ఎక్కువ నడచినను నవ్వు చచ్చిపోవును. ఈ విద్యను క్రైటన్ ఏండ్ల తరబడి చీకటి గదిలో, కత్తెరతో అభ్యసించెను.

ఆయన కూర్చిన చిత్రములలో భారతదేశముతో సంబంధము గలది యొకటి కలదు. అది 1937లో వెలువడిన 'ఎలిఫెంట్ బాయ్'. రడ్‌యార్డ్ కిప్లింగు వ్రాసిన కథ దానికి ఆధారము. మైసూరు సంస్థానమున మావటివాని కుమారుడగు సాబూ అను బాలుడు అందు నాయకుడు. రాబర్ట్ ఫ్లహర్టీ అను ప్రసిద్ధ దర్శకుడు మైసూరునకు వచ్చి అడవులను, ఏనుగులను, సాబూను విస్తారముగా చిత్రించి తీసికొనిపోయెను. కథకు కావలసిన తక్కిన ఘట్టములను కోర్డా సోదరుడగు జోల్టన్ కోర్డా ఇంగ్లండులోని స్టూడియోలో చిత్రించెను. ఇద్దరు దర్శకుల చూపులు వేరు. రెండు దేశముల వెలుతురులు వేరు. ఆ రెండింటిని ఒకే కథగా అతుకవలసిన భారము కూర్పరియగు క్రైటన్‌పై బడెను. చిత్రము జయప్రదమయ్యెను, సాబూ లోకప్రసిద్ధుడయ్యెను. పిదప 1940లో సాబూ నటించిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' అను వర్ణచిత్రమునకును క్రైటనే కూర్పరి. నాటి ప్రేక్షకులు సాబూను మెచ్చిరి. అతని వెనుక నున్న కత్తెరను వా రెరుగరు.

రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా క్రైటన్ లండను నగరమునకు పడమటనున్న ఈలింగు స్టూడియోలో చేరెను. దాని అధిపతి మైకేల్ బాల్కన్. అది పెద్ద స్టూడియో కాదు. ఆడంబరమునకు అచట తావు లేదు. సామాన్యులగు బ్రిటిషు ప్రజల జీవితమును సామాన్యముగా చూపుట అచటి వారి యుద్దేశము. క్రైటన్ కొన్ని చిత్రములకు కూర్పరిగా పనిచేసిన పిమ్మట 1944లో 'ఫర్ దోజ్ ఇన్ పెరిల్' అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. సముద్రమున గూలిన విమానములనుండి వైమానికులను కాపాడు నావికుల కథ యది. అప్పటికి ఆయన ప్రాయము ముప్పది యేండ్లు దాటినది. పది సంవత్సరములకు పైగా ఇతరుల చిత్రములను దిద్దిన పిమ్మటగాని తన చిత్రమును తాను తీయు నవకాశము ఆయనకు రాలేదు.

ఆయనకు పేరు తెచ్చిన మొదటి హాస్యచిత్రము 1947లో వెలువడిన 'హ్యూ అండ్ క్రై'. ఈలింగు హాస్యచిత్రములుగా పిమ్మట ప్రసిద్ధికెక్కిన వరుసలో నిదియే మొదటిదని పలువురు చెప్పుదురు. అందు నాయకులు పెద్దవారు కారు, మీ యీడు బాలురు. తాము ప్రతివారము చదువు బొమ్మల పత్రికలో దొంగలు తమ రహస్యసందేశములను దాచి పంపుకొనుచున్నారని వారు కనిపెట్టుదురు. పెద్దలకు చెప్పినచో నమ్మువారు లేరు. తుదకు లండనులోని బాలురందరు గుంపులుగా పరుగెత్తివచ్చి దొంగలను చుట్టుముట్టుదురు.

ఈ కథ నడచిన చోటు గమనింపదగినది. జర్మను బాంబులకు కూలిన లండను శిథిలములలోనే క్రైటన్ చిత్రమును తీసెను. గోడలు లేని యిండ్లు, కప్పులు లేని గోడలు, ఇటుకల గుట్టలు ఆ బాలురకు ఆటస్థలములు. ఒక బాలుడు ఆ శిథిలములపై కూర్చుండి విమానముల రొదను, బాంబుల ప్రేలుడును నోటితో అనుకరించుచుండును. అది చూచి మనము నవ్వుదుము; కాని ఆ ధ్వనులు వానికి ఎట్లు వచ్చెనో తలచుకొన్నంతనే నవ్వు ఆగిపోవును. యుద్ధమును గూర్చి ఒక్క ఉపన్యాసమైనను లేకయే యుద్ధము పసివారి బ్రతుకున నెట్లు ప్రవేశించినదో దర్శకుడు చూపెను. చెప్పక చెప్పుట అనునది ఇదియే.

ఆ రోజులలోనే మరియొకటి జరిగెను. అలెగ్జాండరు మెకెండ్రిక్ అను యువకుడు తన మొదటి చిత్రముగా 'విస్కీ గలోర్' అనుదానిని తీసెను. కూర్చి చూడగా అది స్టూడియో పెద్దలకు తృప్తి కలిగింపలేదు. అప్పుడు క్రైటన్ ఆ ఫిల్మును తీసికొని మరల కూర్చి, దాని సొగసును వెలికి తెచ్చెను. 1949లో విడుదలయిన ఆ చిత్రమును లోకము మెచ్చినది. మెకెండ్రిక్ గొప్ప దర్శకుడుగా వాసికెక్కెను. కూర్పరిగా క్రైటన్ పేరు ఆ చిత్రముపై లేదు. తోటి పనివాని గౌరవము నిలిచినది; ఆయనకు అది చాలెను.

1951లో క్రైటన్ తీసిన 'ది లావెండర్ హిల్ మాబ్' ఆయన కీర్తికి కలికితురాయి. దీనిని, 'హ్యూ అండ్ క్రై'ని వ్రాసినవాడు టి. ఇ. బి. క్లార్క్ అను రచయిత. కథలో హాలండు అను గుమాస్తా యొకడు కలడు. బ్యాంకునకు చేరవలసిన బంగారపు కడ్డీల బండికి అతడు ఇరువది సంవత్సరములుగా కావలి కాయుచున్నాడు. అతని నిజాయితీని శంకించువారు లేరు. అతని మాటను లెక్కచేయువారును లేరు. అట్టివానికి ఒకనాడు ఆ బంగారమును దొంగిలింపవలెనను బుద్ధి పుట్టును. దొంగిలించుట సులభమే, దేశము దాటించుట యెట్లు? అతని పొరుగున నివసింపవచ్చిన పెండిల్‌బరీ అనువాడు బొమ్మలు పోతపోయు వ్యాపారి. సీసముతో చిన్నచిన్న ఈఫిల్ గోపురములు చేసి పారిసు నగరమునకు పంపుట అతని వృత్తి. ఇద్దరును గలసి బంగారమును కరగించి గోపురపు బొమ్మలుగా పోతపోసి, ఎల్లరు చూచుచుండగనే పారిసునకు పంపివేయుదురు.

కాని దైవము మరియొకటి తలచును. ఈఫిల్ గోపురముపై నున్న దుకాణమున వానిలో ఆరు బంగారు బొమ్మలను పొరపాటున ఇంగ్లీషు బడిపిల్లల కమ్మివేయుదురు. పిల్లలు లిఫ్టులో దిగిపోవుదురు. దొంగలిద్దరును మెట్లవెంట పరుగెత్తుదురు. సుడులు తిరిగిన ఆ ఇనుప మెట్లపై దిగి దిగి వారికి తల తిరుగును, టోపీలు ఎగిరిపోవును, తమ దురవస్థకు తామే పగలబడి నవ్వుదురు. క్రిందికి చేరునప్పటికి పిల్లలు లేరు. ఈ ఘట్టమున మాటలు స్వల్పము. మెట్లు, కాళ్లు, ఆకాశము, ముఖములు — ఈ ముక్కలను ఒకదాని వెంట నొకటి తిప్పి తిప్పి అతుకుటచే చూచువారికిని తల తిరుగును. కత్తెర పట్టి నేర్చిన విద్య యిచట ఫలించినది.

చిత్రము హాస్యమే యైనను నీతి తప్పలేదు. కథ ఆరంభమున హాలండు దక్షిణ అమెరికాలో భోగములనుభవించుచు తన కథను ప్రక్కనున్నవానికి చెప్పుచుండును. చివరకు ఇద్దరును లేచి నిలుచుందురు. అప్పుడుగాని ఆ ప్రక్కవాని చేతికి, తన చేతికి ఒకే సంకెల యుండుట మనకు కనబడదు. ఒక్క మాట లేకయే కథ ముగియును. ఈ చిత్రమునకు ఆ సంవత్సరపు ఉత్తమ బ్రిటిషు చిత్రముగా బహుమానము లభించెను. రచయిత క్లార్కునకు ఆస్కారు బహుమానము వచ్చెను. హాలండు పాత్ర ధరించిన అలెక్ గిన్నిస్ కీర్తి అమెరికా వరకు ప్రాకెను.

పిమ్మట 1953లో 'ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్' వెలువడినది. నష్టము వచ్చుచున్నదని ప్రభుత్వము మూసివేయబూనిన చిన్న రైలుమార్గమును ఒక గ్రామమువారు తామే నడుపుకొను కథ యది. వారి యంత్రమును శత్రువులు పాడుచేయగా, వస్తుప్రదర్శనశాలలోని పాత యంత్రమును తెచ్చి నడుపుదురు. ఆ పాత్రకు వాడినది 1838లో నిర్మింపబడిన 'లయన్' అను నిజమైన ఆవిరియంత్రమే. చిత్రము వెలువడిన పదేండ్లకు, 1963లో, బ్రిటనునందలి అనేక చిన్న రైలుమార్గములను మూసివేయవలెనను నివేదిక ప్రకటింపబడినది. నవ్వుచు చెప్పిన మాట నిజమయ్యెను.

నవ్వించుటయే క్రైటన్‌కు తెలిసిన విద్య కాదు. 1952లో తీసిన 'హంటెడ్' అను చిత్రమున హత్య చేసి పారిపోవుచున్న యొకడు తన వెంట ఒక చిన్న బాలుని తీసికొనిపోవును. పడవలో తప్పించుకొని పోవుచుండగా బాలునకు జబ్బు చేయును. తాను పట్టుబడుదునని తెలిసియు అతడు పడవను వెనుకకు త్రిప్పును. 1954లో తీసిన 'ది డివైడెడ్ హార్ట్' జరిగిన కథపై ఆధారపడినది. యుద్ధకాలమున తల్లినుండి వేరైన బిడ్డను జర్మను దంపతులు పెంచుకొందురు. యుద్ధానంతరము యుగోస్లావియానుండి కన్నతల్లి బిడ్డకొరకు వచ్చును. కన్నతల్లిదా బిడ్డ? పెంచినతల్లిదా? న్యాయస్థానము తీర్పు చెప్పగలదు గాని ఇద్దరి కన్నీటిని తుడువజాలదు. క్రైటన్ ఎవరిని దుష్టులుగా చూపలేదు. ఆ తల్లుల పాత్రలు ధరించిన నటీమణు లిద్దరికిని బ్రిటిషు ఫిల్ము అకాడెమీ బహుమానములు లభించెను.

కీర్తి శిఖరమున నున్న ఈ దినములలోనే కాలము మారసాగెను. ఇంటింట టెలివిజను పెట్టెలు వెలసెను. 1946లో బ్రిటనునందలి సినిమాశాలలలో అమ్ముడుపోయిన టిక్కెట్లు 163 కోట్లకు పైబడెను; 1965 నాటికి అవి 33 కోట్లకు లోబడినవి. వాకిట నున్న పెట్టెలోనే వినోదము దొరకుచుండగా చలిలో బయలుదేరి సినిమాశాలకు పోవువారు తగ్గిరి. 1955లో ఈలింగు స్టూడియోను బి.బి.సి. సంస్థకు అమ్మివేసిరి. చలనచిత్రములు పుట్టిన ఆ గోడల నడుమ ఇక టెలివిజను చిత్రములు పుట్టదొడగెను. ఒక కుటుంబమువలె మెలగిన పనివారు నలుదిక్కులకు పోయిరి.

క్రైటన్ వేరు సంస్థలకు చిత్రములు తీసెను. 'బర్డ్‌మాన్ ఆఫ్ ఆల్కట్రాజ్' అను చిత్రమునకు దర్శకుడుగా అమెరికాకు పిలిపింపబడెను. పని యారంభమైన పిదప కథానాయకుడగు బర్ట్ లాంకాస్టరుతో అభిప్రాయభేదము కలిగి ఆయన వైదొలగవలసి వచ్చెను. మరియొకరు పూర్తిచేయగా 1962లో ఆ చిత్రము వెలువడెను. 1965లో తీసిన 'హి హూ రైడ్స్ ఎ టైగర్' తరువాత క్రైటన్‌కు సినిమా తీయు నవకాశము రాలేదు. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు. సాధారణముగా నిట్టి కథ ఇచటనే ముగియును. పూర్వవైభవమును తలచుకొనుచు, లోకము కృతఘ్నమని నిందించుచు కాలము గడపు వారిని మనము చూచుచునే యున్నాము.

క్రైటన్ ఆ త్రోవ పట్టలేదు. తన స్టూడియోను మ్రింగిన టెలివిజనునకే పనిచేయ బూనెను. 'డేంజర్ మాన్', 'ది అవెంజర్స్' వంటి ధారావాహికలలో కొన్ని భాగములకు దర్శకత్వము వహించెను. ఒక నల్లగుఱ్ఱము కథగా పిల్లలకొరకు తీసిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ బ్లాక్ బ్యూటీ'కి పనిచేసెను. చంద్రమండలము తన కక్ష్య తప్పి, తనపై నివసించు మానవులతో గూడ అంతరిక్షమున కొట్టుకొనిపోవు కథయగు 'స్పేస్: 1999'లో 14 భాగములను తీసెను.

ఈ పనికిని సినిమాకును భేదము పెద్దది. సినిమాకు నెలలు దొరకును. టెలివిజను భాగమునకు దినములు మాత్రమే దొరకును. కథ ఇతరులది, పాత్రలు ముందే స్థిరపడినవి, ఈ వారము ఒక దర్శకుడు, వచ్చు వారము మరియొకడు. చూచువారు దర్శకుని పేరు గమనింపరు. అయినను కత్తెర పని యెరిగినవాడు కనుక, ఏ ముక్క కావలెనో, ఏది అక్కరలేదో చిత్రించుటకు ముందే ఆయనకు తెలియును. అందువలన కాలము, ఫిల్ము వ్యర్థము కాకుండెను. కూర్పు గదిలో పేరులేని సహాయకుడుగా నేర్చిన విద్య, పేరు మరుగైన దినములలో ఆయనకు అన్నము పెట్టినది.

1972లో జాన్ క్లీస్ అను హాస్యనటుడు కొందరు మిత్రులతో గలసి 'వీడియో ఆర్ట్స్' అను సంస్థను స్థాపించెను. కార్యాలయములలో పనిచేయువారికి శిక్షణ నిచ్చు చిన్న చిత్రములు తీయుట దాని పని. ఒకనాడు అలెక్ గిన్నిస్‌ను నడిపించిన దర్శకుడు ఈ చిన్న చిత్రములకును దర్శకత్వము వహించెను. అచట క్లీస్ ఆయన పనితనమును దగ్గరనుండి చూచెను. ఏ ఘట్టమైనను వ్యర్థమైన క్షణము లేక నడచుట గమనించి, ఈయనతో ఒక సినిమా తీయవలెనని నిశ్చయించుకొనెను. ఇద్దరును గలసి ఏండ్ల తరబడి ఒక కథ నల్లిరి. లండనులో వజ్రములు దొంగిలించిన ముఠావారు ఒకరినొకరు మోసగించుకొనుటయు, మర్యాదస్థుడైన ఒక న్యాయవాది వారి వలలో జిక్కుటయు ఇందలి కథ. చిత్రము పేరు 'ఎ ఫిష్ కాల్డ్ వాండా'.

1987లో చిత్రీకరణము జరిగినది. ఆ యేడు ఆగస్టులో క్రైటన్‌కు 77 ఏండ్లు నిండినవి. ఇంత వృద్ధుడు చిత్రమును పూర్తిచేయగలడా యను సందేహము ధనము పెట్టువారికి సహజమే. వారి తృప్తికొరకు క్లీస్ తాను తోడు దర్శకుడుగా నుందునని మాట యిచ్చెను. నిజమునకు ఆ యవసరము కలుగలేదు. వృద్ధుడే చిత్రమును నడిపించెను. 1988లో విడుదలయిన ఆ చిత్రము బ్రిటనులోను అమెరికాలోను గొప్ప విజయము నొందెను. అందు నటించిన కెవిన్ క్లైన్‌కు ఉత్తమ సహాయనటుడుగా ఆస్కారు బహుమానము లభించెను. ఉత్తమ దర్శకుల పోటీకి ఎంపికయిన అయిదుగురిలో క్రైటన్ పేరును నిలిచెను. క్లీస్‌తో గలసి రచయితగాను ఆయన పేరు ఎంపికయ్యెను. బహుమానములు ఇతరులకు పోయినవి. కాని 23 సంవత్సరములు సినిమా తీయని 78 ఏండ్ల వృద్ధుని పేరు ఆ జాబితాలో నుండుటయే ఒక బహుమానము.

క్రైటన్ మరల చిత్రము తీయలేదు. 1999వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన లండనులో కన్నుమూసెను. ఒక వింత యేమనగా, 'స్పేస్: 1999' కథలో చంద్రుడు కక్ష్య తప్పినట్లు చెప్పిన దినము 1999 సెప్టెంబరు 13. ఆయన చూపిన కల్పిత దినమును దాటి ఆయన ఒక్కరోజు జీవించెను.

ఓర్పు వహించిన ప్రతివానికిని ఇట్టి పిలుపు వచ్చునని చెప్పజాలము. జాన్ క్లీస్ వంటి గుణగ్రాహి తటస్థపడకున్నచో క్రైటన్ పేరు పాత పుస్తకములలోనే యుండెడిదేమో! అట్లయినచో ఆ యేండ్లన్నియు వ్యర్థములగునా? కావు. ఆయన శ్రద్ధతో తీసిన నల్లగుఱ్ఱము కథను చూచి ఎందరు పసివారు సంతోషించియుందురో! ఆ సంతోషమునకు దర్శకుని పేరు తెలియనక్కరలేదు. పిలుపు వచ్చుట మన చేతిలో లేదు. వచ్చినప్పుడు చేతులు సిద్ధముగా నుండుట మాత్రము మన చేతిలోనిదే. క్రైటన్ 23 ఏండ్లపాటు తన కత్తెరను తుప్పు పట్టనీయలేదు. అందుచేతనే పిలుపు వచ్చిన దినమున అది మొదటి దినమువలె తెగినది.

ప్రశ్నలు

1. చలనచిత్రమున కూర్పరి చేయు పని యెట్టిది? బాలుడు, పాము, మామిడిపండు అను ఉదాహరణమువలన మీరేమి గ్రహించితిరి?

2. 'ఎలిఫెంట్ బాయ్' చిత్రమును కూర్చుటలో గల కష్టమేమి?

3. శిథిలములపై విమానధ్వనిని అనుకరించు బాలుని చూచి మొదట నవ్వు వచ్చి, పిదప ఆగిపోవుటకు కారణమేమి?

4. టెలివిజను రాకచే బ్రిటిషు సినిమాలకు కలిగిన మార్పును వివరింపుడు. ఆ మార్పును క్రైటన్ ఎట్లు ఎదుర్కొనెను?

5. జాన్ క్లీస్ పిలువకపోయినను క్రైటన్ జీవితము సార్థకమే యని మీరు తలంతురా? కారణములతో వ్రాయుడు.